తొంభై ఐదు డిగ్రీలు చూసి భయపడాలా?

గేమ్ మొదలుపెట్టిన పావుగంటకే ఫ్యాన్లు మోత పెడతాయి. ఇంకాసేపటికి కీబోర్డు పైభాగం చెయ్యి ఆనించలేనంత వేడెక్కుతుంది. సరిగ్గా శత్రువు ఎదురుపడ్డప్పుడే తెర మీద బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ఎవరో చెప్పిన యాప్ వేసి చూస్తే ప్రాసెసర్ 95 డిగ్రీలు, గ్రాఫిక్స్ 86. నీళ్లు మరిగేదే 100కు గదా, మరి ఇది కాలిపోదా? అప్పు చేసి కొనిచ్చిన నాన్నకు ఏం చెప్పాలి?

ముందు ఆ భయం తీసేద్దాం. కాలిపోదు. లాప్‌టాప్‌లలో వాడే ఇంటెల్ ప్రాసెసర్లలో ఎక్కువ వాటికి హద్దు 100 డిగ్రీలు, కొన్నింటికి ఇంకా పైనే. ఏఎండీ రైజెన్‌లలో చాలావాటికి మోడల్‌ను బట్టి 95 నుంచి 105. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ లాప్‌టాప్ గ్రాఫిక్స్ చాలామటుకు 87 దగ్గర ఆగేలా ఉంటాయి. హద్దు తగలగానే చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే లాప్‌టాప్ మొత్తం ఆఫ్ అయిపోతుంది. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు నడుస్తున్న కంప్యూటర్లలో ప్రాసెసర్ మీది హీట్‌సింకు ఊడదీసి వీడియో తీశారు. అప్పటి ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కింది. ఇంటెల్ పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని బతికిపోయింది. ఇప్పుడు రెండు కంపెనీలూ ఆ జాగ్రత్తను చిప్‌లోనే పెడుతున్నాయి.

అంటే బేఫికర్‌గా ఉండొచ్చా? ఉండకూడదు. 95 దగ్గర గంటల తరబడి ఆడితే ముందు నష్టపోయేది మీరు డబ్బు పెట్టి కొన్న వేగం. ఆ తర్వాత పక్కనే ఉన్న బ్యాటరీ, ఫ్యాను బేరింగులు, చిప్‌కూ హీట్‌సింకుకూ మధ్య పూసే పేస్టు. రోజూ బాగా వేడెక్కి చల్లారడం వల్ల చిప్ కింది అతుకులు కూడా అలసిపోతాయి. 2008 జూలైలో ఎన్విడియా తన లాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌లు ఇలాగే పాడవుతున్నాయని ఒప్పుకుని, వాటి ఖర్చు కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. అప్పటి లోపం వాళ్లు వాడిన పదార్థంలో ఉంది. ఇప్పటి చిప్‌లు మెరుగే. వేడి చేసే పని మాత్రం మారలేదు.

ఇక అసలు సంగతి. మంచిర్యాల జిల్లా చెన్నూరులో ఉన్న మీకు, బెంగళూరులోనో అమెరికాలోనో కూర్చుని వీడియోలు చేసేవాళ్లు చెప్పే లెక్క సరిపోదు. వాళ్ల గది 22, 25 డిగ్రీల్లో ఉంటుంది. మీ గదో? లాప్‌టాప్‌తో వచ్చిన చిన్న పుస్తకం తీసి చూడండి. వాడాల్సిన వాతావరణం 5 నుంచి 35 డిగ్రీలు అని చాలా కంపెనీలు రాస్తాయి. మంచిర్యాల జిల్లాలో మే నెలలో బయట 45 దాటే రోజులుంటాయి. స్లాబు ఇంట్లో పై అంతస్తు గది మధ్యాహ్నం మూడింటికి 38, 40కి చేరడం వింతేమీ కాదు. అంటే గేమ్ తెరవకముందే మీరు కంపెనీ గీసిన గీత దాటేశారు.

లెక్క సులువు. ఏ ఫ్యానూ గది గాలి కన్నా చల్లగా చిప్‌ను ఉంచలేదు. డిసెంబరులో గది 22 ఉన్నప్పుడు మీ ప్రాసెసర్ 78కి చేరిందనుకోండి, తేడా 56. అదే గేమ్, అదే సెట్టింగు, రోహిణి కార్తెలో గది 40. నలభైకి యాభై ఆరు కలపండి. తొంభై ఆరు! లాప్‌టాప్ చెడిపోలేదు, గది మారింది. జైపూర్ మండలంలో సింగరేణి 1200 మెగావాట్ల కరెంటు ప్లాంటు ముందు నుంచి వెళ్లేటప్పుడు కూలింగ్ టవర్లు చూసే ఉంటారు. చుట్టూ గాలి వేడెక్కిన కొద్దీ వాటికీ పని కష్టమే, మీ లాప్‌టాప్‌లోని వేలెడు ఫ్యానుకూ అదే కష్టం.

కాబట్టి సామాను కొనడం చివరి పని. మొదటి పని వేడి పుట్టకుండా చూడడం. రెండోది గది. ఈ వరుస తప్పి దుకాణానికి పరుగెత్తేవాళ్లే ఎక్కువ. మీరు అలా చేయకండి.

1. రెండు కొలతలు తీసుకోండి

గోడకు తగిలించే మామూలు థర్మామీటరు ఒకటి తెచ్చి, లాప్‌టాప్ పెట్టే బల్ల దగ్గర వేలాడదీయండి. లాప్‌టాప్‌లో హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి, సెన్సార్ల పేజీ తెరిచి వదిలేయండి. మీరు రోజూ ఆడే గేమే అరగంట ఆడండి. ఆ తర్వాత వెళ్లి చూడండి.

అందరూ అత్యధిక ఉష్ణోగ్రత చూసి కంగారు పడతారు. గేమ్ లోడ్ అయ్యేటప్పుడు ప్రాసెసర్ ఒక్క క్షణం 98కి ఎగిరి దిగుతుంది, దానితో పనిలేదు. చూడాల్సింది సగటు. దాంతోపాటు థర్మల్ థ్రాట్లింగ్ అనే వరుసలో 'ఎస్' అని పడిందా, 'నో' అని ఉందా చూడండి. సగటు 85 లోపు, 'నో' అని ఉంటే ఈ అధ్యాయం మూసేసి ఆడుకోండి. సగటు 90 దాటి 'ఎస్' అని పడుతుంటే కింద చెప్పినవన్నీ మీకోసమే.

ఇంకో పరీక్ష కూడా చేయండి. బొమ్మ ఆగినప్పుడు నెట్ ఆలస్యాన్ని చూపే పింగ్ ఎంత ఉంది? ఒక ఇంటర్ కుర్రాడిని ఊహించుకోండి. వాలరెంట్‌లో తడబాటు వస్తోందని కూలింగ్ ప్యాడ్ కొన్నాడు. తడబాటు పోలేదు. పెద్ద ప్యాడ్ కొన్నాడు. అదీ లాభం లేదు. చివరికి చూస్తే ఉష్ణోగ్రత 80 కూడా దాటలేదు, సాయంత్రం పూట పింగ్ మాత్రం 200. ఇంట్లో నలుగురూ ఒకే వైఫై మీద సినిమాలు చూస్తుంటే ఏ ఫ్యాను ఏం చేస్తుంది?

2. ఫ్రేములకు తాళం వేయండి

ఈ అధ్యాయంలో ఒక్కటే పని చేస్తానంటే ఇదే చేయండి. పైసా ఖర్చు లేదు.

మీ తెర 144 హెర్ట్జ్ అని కొన్నారు, సంతోషం. కానీ జీటీఏ ఫైవ్‌లో ఊరికే కారు నడుపుతూ తిరగడానికి సెకనుకు 130 ఫ్రేములు అవసరమా? తాళం లేకపోతే గ్రాఫిక్స్ చిప్ తన శక్తంతా పెట్టి ఎన్ని గీయగలిగితే అన్ని గీస్తూనే ఉంటుంది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరవండి. మేనేజ్ త్రీడీ సెట్టింగ్స్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ అని ఉంటుంది. 2020 మొదట్లో వచ్చిన డ్రైవర్ల నుంచి ఈ సదుపాయం ఉంది. కథ నడిచే గేములకు 60 పెట్టండి. పోటీ గేములకు 90తో మొదలుపెట్టి, గది వేడిని బట్టి పెంచుకోండి. ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్నవాళ్లకు రేడియాన్ చిల్ అదే పని చేస్తుంది.

మెనూల సంగతి మరీ విడ్డూరం. మ్యాచ్ కోసం ఎదురుచూస్తూ లాబీలో కూర్చున్నప్పుడు కూడా కొన్ని గేములు వందల ఫ్రేములు గీసి పారేస్తాయి. వాలరెంట్‌లో మెనూ ఫ్రేములను విడిగా తగ్గించే మీట ఉంది. వెంటనే ఆన్ చేయండి. చాయ్ తాగడానికి లేస్తే గేమ్‌ను మినిమైజ్ చేసి వెళ్లండి.

3. ప్రాసెసర్ ఆవేశం తగ్గించండి

లాప్‌టాప్ లోపల ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్‌కూ వేడి మోసే రాగి గొట్టాలు చాలావరకు ఉమ్మడి. ఒకటి కాగితే రెండోదానికీ సెగ తగులుతుంది. ప్రాసెసర్‌ను శాంతపరిస్తే గ్రాఫిక్స్ కూడా చల్లబడడానికి కారణం ఇదే.

లెనోవోలో ఎఫ్‌ఎన్, క్యూ కీలు, ఆసుస్‌లో ఎఫ్‌ఎన్, ఎఫ్5 కీలు, ఏసర్‌లో నైట్రోసెన్స్, ఇలా ప్రతి కంపెనీ గేమింగ్ లాప్‌టాప్‌కూ మూడు నాలుగు మోడ్‌లు ఉంటాయి. ఎండాకాలం టర్బో మోడ్ జోలికి పోకండి. బ్యాలెన్స్‌డ్ చాలు. వీలుంటే ఫ్యాన్లను మాత్రం పూర్తి వేగంలో పెట్టండి. మోత భరించలేకపోతే హెడ్‌సెట్ ఉంది గదా!

దాంతో సరిపోకపోతే విండోస్ పవర్ ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కు వెళ్లి, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99కి మార్చండి. ఒక్క శాతమే గదా అనిపిస్తుంది. కానీ చాలా లాప్‌టాప్‌లలో ఆ ఒక్క శాతంతో ప్రాసెసర్ మూలవేగాన్ని మించి పరుగెత్తే టర్బో మొత్తం ఆగిపోయి, ఉష్ణోగ్రత పది డిగ్రీలకు మించే దిగుతుంది. అయితే చిక్కు కూడా ఉంది. ఇంటెల్ ఐ5 12450హెచ్‌నే తీసుకోండి. టర్బోలో 4.4 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది, టర్బో లేకపోతే దాని మూలవేగం 2 గిగాహెర్ట్జ్ మాత్రమే. గ్రాఫిక్స్ మీద భారం వేసే గేముల్లో ఈ తేడా పెద్దగా తెలియదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ప్రాసెసర్ మీద బతుకుతాయి, వాటిలో ఫ్రేములు బాగా పడిపోవచ్చు. మార్చి చూడండి. నచ్చకపోతే మళ్లీ 100 పెట్టేయడానికి అర నిమిషం చాలు.

అండర్‌వోల్టింగ్, అంటే చిప్‌కు ఇచ్చే వోల్టేజీ తగ్గించడం, చేయమని సలహా ఇచ్చే అన్నలు ఉంటారు. మంచి సలహానే. కానీ 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ లాప్‌టాప్‌లలో ఆ దారి మూసేశారు. మీదాంట్లో మీట పనిచేయకపోతే మీ తప్పేం లేదు, వదిలేయండి.

4. గదిని మీ వైపు తిప్పుకోండి

స్లాబు పగలంతా ఎండ తాగి, రాత్రి మెల్లగా కక్కుతుంది. అందుకే రాత్రి తొమ్మిదింటికి బయట గాలి చల్లబడ్డా గది లోపల ఉడుకుతూనే ఉంటుంది. మన దగ్గర గది అన్నిటికన్నా చల్లగా ఉండేది పొద్దుగాల ఐదు నుంచి ఎనిమిది మధ్య. ఎండాకాలం సెలవుల్లో ఆట అప్పుడు పెట్టుకుంటే ఏ ప్యాడూ ఇవ్వని చల్లదనం ఉచితంగా దొరుకుతుంది. పొద్దున్నే లేవమంటే ఎవరికీ నచ్చదని తెలుసు. అయినా చెబుతున్నాను.

మందమర్రి వైపు సింగరేణి క్వార్టర్‌లో ఉండే కుర్రాడి పరిస్థితి ఇంకోరకం. నాన్న నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకుంటాడు. చప్పుడు వినిపించకూడదని వీడు చిన్న గదిలో తలుపు, కిటికీ మూసుకుని ఆడతాడు. గేమింగ్ లాప్‌టాప్ 150, 200 వాట్ల కరెంటు తాగుతుంది. ఆ కరెంటంతా చివరికి వేడిగా మారి ఆ గదిలోకే వస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి సుమారు 100 వాట్లు. అంటే వాడు దాదాపు ఇద్దరు మనుషులను అదనంగా ఆ గదిలో బంధించినట్టే లెక్క. గంట తిరిగేసరికి గది రెండు మూడు డిగ్రీలు పెరిగితే లాప్‌టాప్ కూడా అంతే పెరుగుతుంది. కిటికీ తెరవాలి. హెడ్‌సెట్ పెట్టుకుని, ఫ్యాన్ల మోత తగ్గేలా ఫ్రేములకు 60 తాళం వేస్తే నాన్న నిద్ర చెడదు.

కూలర్ ఉందా? మే నెల పొడి గాలికి కూలర్‌ను మించిన మందు లేదు. ఎదురు కిటికీ తెరిచి ఉంచితేనే అది పనిచేస్తుంది. తలుపులన్నీ బిగిస్తే కాసేపటికి గది తేమతో నిండి జిగటగా అవుతుంది. కూలర్ గాలిని మీ మీదికి తిప్పుకోండి, లాప్‌టాప్ మీదికి సూటిగా వద్దు. గడ్డి నుంచి తుంపర్లు ఎగిరితే అవి ముందుగా పడేది కీబోర్డు మీదే. వానలు పడి మృగశిర దాటాక కూలర్ బలం తగ్గిపోతుంది. అప్పుడు మామూలు ఫ్యాను, తెరిచిన కిటికీయే దిక్కు.

5. వెనక భాగం ఎత్తండి

చాలా లాప్‌టాప్‌లు కింద నుంచి గాలి పీల్చి వెనక నుంచి, పక్కల నుంచి వదులుతాయి. కింద ఉండే సందు అరంగుళం కూడా ఉండదు. వెనక రెండు మూలల కింద వాటర్ బాటిల్ మూతలు రెండు పెట్టండి. గోడకు జానెడు దూరం ఉంచండి. అంతే. కూలింగ్ ప్యాడ్ కొన్నా, మామూలు రకాలతో దక్కేది కొద్ది డిగ్రీలే. అందులోనూ సగం పని అది లాప్‌టాప్‌ను ఎత్తి పెట్టడం వల్లే జరుగుతుంది.

మరి మంచం మీద, బొంత మీద పెట్టి ఆడితే? ముక్కు మూసి పరుగెత్తమన్నట్టే. సిలికాన్ కీబోర్డు కవరు కూడా తీసేయండి. కొన్ని మోడళ్లు కీల సందుల్లోంచి కూడా గాలి తీసుకుంటాయి.

6. పత్తి నూగు, బొగ్గు దుమ్ము

నగరాల్లో ఏడాదికి ఒకసారి శుభ్రం చేయించమంటారు. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. శ్రీరాంపూర్, మందమర్రి దారుల్లో బొగ్గు లారీలు తిరుగుతుంటాయి. రోడ్డు పక్క ఇల్లయితే కిటికీ ఊచల మీద వేలు రాసి చూడండి, ఆ నలుపే లాప్‌టాప్‌లోకీ పోతోంది.

అంతకన్నా మొండిది పత్తి. ధర వచ్చేదాకా పత్తిని ఇంట్లోనే ఒక గదిలో పోసి పెట్టే ఇళ్లు మన చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో. అదే గదిలోనో పక్క గదిలోనో లాప్‌టాప్ ఉంటే సన్నటి నూగు ఫ్యానులోంచి పోయి, వేడి బయటికి వదిలే సన్నటి రేకుల ముందు దళసరి పొరలా పేరుకుంటుంది. బయటికి ఏమీ కనిపించదు. ఫ్యాను మామూలుగానే తిరుగుతుంది, మోత ఇంకా ఎక్కువే వస్తుంది. వెనక సందు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ప్రాసెసర్ 95 ఉన్నా బయటికి వచ్చే గాలి బలహీనంగా ఉంటే దారి మూసుకుపోయిందని గుర్తు. పత్తి అమ్మేశాక ఒకసారి, ఎండలు ముదరకముందు ఒకసారి శుభ్రం చేయించడం మన ప్రాంతానికి సరిపోయే పద్ధతి.

పంక్చర్ షాపు కంప్రెసర్‌తో మాత్రం ఊదించకండి. దాని గాలిలో నీళ్లు, నూనె తుంపర్లు ఉంటాయి, ఒత్తిడి కూడా మరీ ఎక్కువ. కంప్యూటర్ దుకాణాల్లో వాడే చిన్న బ్లోవర్ చాలు. అది వాడేటప్పుడు కూడా ఫ్యాను రెక్కలు గిర్రున తిరగకుండా సన్నటి పుల్లతో ఆపి పట్టుకోవాలి. లేకపోతే బేరింగు దెబ్బతింటుంది.

7. దుకాణంలో ఏం అడగాలి?

"అన్నా, మస్తు గరమైతాంది, జర చూడు" అంటే అన్న మొదట చెప్పేది పేస్టు మార్చాలనే. మారిస్తే తప్పు కాదు. కానీ లాప్‌టాప్ కొని ఏడాది కూడా కాకపోతే, ముందు వారంటీ సంగతి చూసుకోండి. విప్పితే వారంటీ పోతుందేమో కంపెనీ సర్వీసు సెంటరుకే ఫోన్ చేసి తెలుసుకోండి. రెండు మూడేళ్లు దాటిన దానికైతే శుభ్రం చేయడం, పేస్టు మార్చడం ఒకేసారి చేయించండి. విప్పడం ఎలాగూ ఒకటే.

లిక్విడ్ మెటల్ వేస్తానంటే వద్దనండి. అది కరెంటును ప్రవహింపజేసే లోహం. ఒక్క బొట్టు పక్కకు జారితే బోర్డే పోతుంది. అల్యూమినియంను కూడా తినేస్తుంది. కంపెనీ తన యంత్రాలతో జాగ్రత్తగా వేసిన మోడళ్ల సంగతి వేరు.

మీ ఎదురుగానే విప్పమనండి. పని పూర్తయ్యాక అక్కడే ఒక గేమ్ తెరిచి పావుగంట నడిపి, ముందు మీరు రాసి పెట్టుకున్న సగటుతో పోల్చండి. దుకాణంలో ఏసీ ఉందా? అయితే ఆ గది ఉష్ణోగ్రత తీసేసి తేడా లెక్కగట్టండి. లేకపోతే అక్కడ 80 చూసి సంతోషపడి, ఇంటికొచ్చి 93 చూసి అన్నను తిట్టుకుంటారు.

ఎవరు చెప్పినా చేయకూడనివి

వేడెక్కిన లాప్‌టాప్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం, కింద ఐస్ ప్యాకెట్ పరచడం, తడి గుడ్డ కప్పడం. ఈ మూడింటితోనూ లోపల నీటి చెమ్మ చేరుతుంది. అంతకన్నా వేడే నయం. ఆట మధ్యలో చిరాకొచ్చి మూత టపీమని మూసి బ్యాగులో పెట్టడం ఇంకో పొరపాటు. గేమ్ ఆపాక అయిదు నిమిషాలు మూత తెరిచే ఉంచండి, ఫ్యాన్లు లోపలి సెగను బయటికి తోసేస్తాయి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు రాగానే ఆట ఆపేయండి. లాప్‌టాప్ అడాప్టరే 200 వాట్లు లాగుతుంటే ఇంట్లో ఫ్యాన్లకు మిగిలేది తక్కువ. రాత్రంతా అమ్మ, చిన్నపిల్లలు ఉక్కపోతలో పడుకోవాలి. బ్యాటరీ మీద ఆడదామంటే లాప్‌టాప్ శక్తి ఎలాగూ తగ్గించేస్తుంది, ఆ బ్యాటరీ కూడా అదనంగా వేడెక్కుతుంది.

బ్యాటరీ గురించి ఒక్కటి గట్టిగా చెప్పాలి. లిథియం బ్యాటరీకి అన్నిటికన్నా కీడు చేసేది పూర్తి చార్జింగు, ఎక్కువ వేడి కలిసి రావడం. ఎప్పుడూ ప్లగ్‌లో పెట్టి ఆడేవాళ్లకు జరిగేది సరిగ్గా ఇదే. చాలా కంపెనీల యాప్‌లలో చార్జింగు 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగు ఉంటుంది, పెట్టేయండి. ఒకవేళ టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు కనిపించినా, దాని మీట నొక్కుడు పడకపోయినా, బల్ల మీద లాప్‌టాప్ సమంగా ఆనకుండా ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. ఆ రోజు గేమ్ లేదు, చార్జింగు లేదు. స్విచాఫ్ చేసి, గుచ్చకుండా, నొక్కకుండా, మంచాలకూ పత్తికీ దూరంగా బండ మీద పెట్టండి. మర్నాడు పొద్దున్నే మంచిర్యాల తీసుకెళ్లి బ్యాటరీ మార్పించండి. దారిలో బస్సు కిటికీ దగ్గర ఎండ తగిలే సీట్లో మాత్రం బ్యాగు పెట్టకండి.